ఒకచోట ముద్దు పేరు, ఇంకోచోట నిషేధం: ఆటలో జాతి దూషణ గొడవలు ఎందుకు తెగవు

అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో సెలవు రోజు పొద్దున్నే నాలుగైదు టెన్నిస్ బాల్ మ్యాచ్‌లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నడుస్తుంటాయి. ఒక జట్టుకు మిడ్ వికెట్ ఉన్నచోటే ఇంకో జట్టుకు స్లిప్పు. ఆ అరుపుల్లో అసలు పేర్లు తక్కువ. "ఒరే కర్రోడా, కీపర్‌కి ఎయ్‌రా", "పొట్టోడా, ఎనక్కి పో", "ఈ ఓవర్ బక్కోడికియ్యప్పా". కర్రోడు, అంటే నల్లోడు, అనిపించుకున్నవాడు నవ్వుతూనే బాల్ విసురుతాడు. అదే అర్థం వచ్చే మాట స్టంప్ మైక్‌లో పడితే మాత్రం అంతర్జాతీయ ఆటగాడికి నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడుతుంది. పడింది కూడా. 2019 జనవరిలో డర్బన్‌లో జరిగిన వన్డేలో పాకిస్తాన్ కెప్టెన్ సర్ఫరాజ్ అహ్మద్, దక్షిణాఫ్రికా ఆటగాడు ఆండిలె ఫెలుక్వాయోను ఉర్దూలో "అబే కాలే" (ఒరే నల్లోడా) అన్నాడు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన దగ్గర రెండు వాదాలు లేస్తాయి. ఒకటి: "అంత చిన్న మాటకు ఇంత రాద్ధాంతమా?" రెండోది: "వాళ్లంతా రేసిస్టులు, మనం బాధితులం." రెండూ సగం సగమే నిలబడతాయి.

మనకు దగ్గరి ఉదాహరణ సన్‌రైజర్స్ హైదరాబాద్‌దే. రెండుసార్లు వెస్టిండీస్‌కు టీ20 ప్రపంచ కప్ తెచ్చిపెట్టిన కెప్టెన్ డారెన్ సామీ 2013, 2014లలో ఆ జట్టుకు ఆడాడు. తననూ, శ్రీలంక ఆటగాడు తిసార పెరీరానూ అక్కడ "కాలూ" అని పిలిచేవారని 2020 జూన్‌లో బయటపెట్టాడు. అప్పట్లో అతను ఆ మాటకు బలమైన గుర్రంలాంటి వాడని అర్థం అనుకున్నాడట. అసలు అర్థం తెలిశాక కోపం వచ్చింది, క్షమాపణ చెప్పమని అడిగాడు. ఆ తర్వాత పాత సహచరుల్లో ఒకరు మాట్లాడి, ప్రేమతోనే అలా అన్నామని చెప్పడంతో నమ్మాడు, విషయాన్ని అక్కడితో వదిలేశాడు. పిలిచినవాడిలో ద్వేషం లేదు, పిలిపించుకున్నవాడికి అవమానం మాత్రం నిజం. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయన్నదే అసలు ప్రశ్న.

తప్పును కొలిచే మూడు కొలతలు

ముందు మాటల సంగతి. మనిషి ఒంటి రంగునో, పుట్టుకనో, దేశాన్నో, వంశాన్నో పట్టుకుని తక్కువ చేసి మాట్లాడితే అది జాతి దూషణ. అదే కారణంతో అవకాశం ఇవ్వకపోవడం, పక్కన పెట్టడం జాతి వివక్ష. మొదటిది నోటితో చేసేది, రెండోది చేతలతో చేసేది. ఆటలో రచ్చ ఎక్కువగా మొదటిదాని చుట్టూనే జరుగుతుంది. మైకులూ కెమెరాలూ పట్టేది దాన్నే కాబట్టి.

మాట తప్పో కాదో తేల్చడానికి మూడు దారులున్నాయి. అన్నవాడి మనసులో ఏముందో చూడటం ఒకటి. పడ్డవాడికి ఎంత గుచ్చుకుందో చూడటం రెండోది. ఇద్దరినీ పక్కన పెట్టి, ఆ స్థానంలో ఉన్న మామూలు మనిషి ఎవరైనా నొచ్చుకుంటారా అని అడగడం మూడోది. ఐసీసీ, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం రెండూ దాదాపుగా ఈ మూడో దారినే పట్టాయి. కాబట్టి "నేను ఆ ఉద్దేశంతో అనలేదు" అన్న జవాబు శిక్షను తగ్గించవచ్చు గానీ కేసును కొట్టేయించదు.

వినడానికి బాగానే ఉంది. మరి ఆ మామూలు మనిషిది ఏ ఊరు? తంటా అంతా అక్కడే.

సిడ్నీ 2008: ఒకే మ్యాచ్‌లో రెండు ఫిర్యాదులు

మనవాళ్లు ఇప్పటికీ కోపంగానే తలుచుకునే టెస్ట్ అది. హర్భజన్ సింగ్ తనను కోతి అన్నాడని ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్ ఆరోపించాడు. మ్యాచ్ రెఫరీ మైక్ ప్రొక్టర్ హర్భజన్‌కు మూడు టెస్టుల నిషేధం వేశాడు. భారత జట్టు టూర్ ఆపేసి ఇంటికి వచ్చేస్తుందేమోనన్నంత వరకూ పోయింది. అప్పీలు విన్న న్యూజిలాండ్ జడ్జి జాన్ హాన్సెన్ జాతి దూషణకు రుజువు చాలలేదని నిషేధం ఎత్తేసి, దుర్భాషకు మ్యాచ్ ఫీజులో సగం కోత పెట్టారు. తాను కోతి అనలేదని, హిందీలో తల్లి మీద ఒక తిట్టు తిట్టానని హర్భజన్ వైపు వాదన. దగ్గరే ఉన్న సచిన్ తెందుల్కర్ సాక్ష్యం కూడా దాన్నే బలపరిచింది.

ఒక్క క్షణం ఆ వాదనను మన ఊరి చెవితో వినండి. అమ్మను తిట్టాడు కాబట్టి బయటపడ్డాడు! రాయలసీమలో ఏ పల్లెలోనైనా రచ్చకట్ట దగ్గర ఇది చెప్తే నవ్వుతారు. తల్లి మీద మాట పడితే ఇక్కడ తలలు పగిలిన సందర్భాలున్నాయి. కోతి అంటే చిన్నపిల్లలను కూడా అంటాం. గుంతకల్లు పక్కనే కసాపురంలో నెట్టికంటి ఆంజనేయుడికి మొక్కుకుని వచ్చిన తల్లే, ఇంటికొచ్చాక అల్లరి కొడుకును "కోతి వెధవా" అంటుంది. ఆమెకు అందులో తేడా ఏమీ కనిపించదు.

అయితే అదే సిడ్నీ మ్యాచ్‌లో ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. చాలామంది మరిచిపోయారు. కుంబ్లేనూ ధోనీనీ ఆస్ట్రేలియా స్పిన్నర్ బ్రాడ్ హాగ్ "బాస్టర్డ్స్" అన్నాడని మన జట్టు ఫిర్యాదు చేసింది. ఆస్ట్రేలియాలో ఆ మాటను స్నేహితుడి వీపు తట్టి కూడా వాడతారు. మనకు అది పుట్టుక మీద మాట. ఇంతకంటే పెద్ద తిట్టు ఉంటుందా అన్నట్టు మనవాళ్లు తీసుకున్నారు. చివరికి కుంబ్లే ఫిర్యాదు వెనక్కు తీసుకున్నాడు. అటువైపు వాళ్లకు పట్టని మాట మనల్ని కోసింది, మనకు పట్టని మాట వాళ్లను కోసింది. జరిగింది ఒకే పిచ్ మీద, అవే అయిదు రోజుల్లో.

ఇక్కడే ఆగిపోయి "అంతా సంస్కృతుల తేడా" అని తేల్చేస్తే సైమండ్స్‌కు అన్యాయం చేసినట్టే. 2007 అక్టోబరులో ఆస్ట్రేలియా మన దేశంలో ఆడినప్పుడు వడోదరలోనూ ముంబైలోనూ స్టేడియంలో జనం సైమండ్స్‌ను చూసి కోతి కూతలు కూశారు. ముంబైలో కొందరిని బయటకు పంపారు కూడా. అప్పుడు మన దగ్గర కొందరు హనుమంతుణ్ణి అడ్డం పెట్టుకున్నారు: కోతి మాకు దేవుడు, అవమానం ఎలా అవుతుందని. కానీ ఆ జట్టులో పదకొండు మంది ఉంటే, కరీబియన్ మూలాలున్న ఆ ఒక్కడికే భక్తి చూపించారేం? పాంటింగ్‌కు ఎవరూ కూయలేదే! నన్నడిగితే ఆంజనేయుడి వాదన అక్కడే కూలిపోయింది.

కోతి అన్న మాటకు అంత విషం ఎక్కడి నుంచి వచ్చింది? పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో శాస్త్రం పేరుతోనే నల్లవాళ్లను కోతికీ మనిషికీ మధ్య మెట్టు మీద నిలబెట్టారు. బానిసత్వానికీ, వలస పాలనకూ అదొక సాకు. 1980లలో కూడా ఇంగ్లండ్ మైదానాల్లో నల్లజాతి ఆటగాళ్ల మీదకు అరటిపండ్లు విసిరేవారు. 1988లో లివర్‌పూల్ ఆటగాడు జాన్ బార్న్స్ కాళ్ల దగ్గర పడిన అరటిపండును మడమతో తన్నేస్తున్న ఫొటో చాలా ప్రసిద్ధి.

ఆ చరిత్ర తెల్లవాళ్ల దేశాల్లో అందరికీ తెలుసనుకోవడం కూడా పొరపాటే. 2013లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడే ఆదివాసీ ఆటగాడు ఆడమ్ గుడ్స్‌ను ఓ పదమూడేళ్ల అమ్మాయి "ఏప్" అంది. అది జాతి దూషణ అని తనకు తెలియదని తర్వాత చెప్పింది. ఆ పిల్లను నిందించవద్దని గుడ్స్ అన్నాడు. అయినా తర్వాతి సీజన్లలో స్టేడియంలో జనం ఎగతాళి కూతలు పెట్టింది గుడ్స్‌నే. 2015లో అతను ఆట మానేశాడు. ఒకే దేశంలో, ఒకే భాషలో, ఒకే స్టాండ్లో కూర్చున్నవాళ్ల మధ్య కూడా ఒప్పందం లేదన్నమాట.

ఉరుగ్వే మాట ఇంగ్లండ్‌లో: సువారెజ్, కవానీ

ఈ విషయాన్ని నిజంగా అర్థం చేసుకోవాలంటే ఫుట్‌బాల్‌లోని రెండు కేసులు పక్కపక్కన పెట్టుకోవాలి. ఇద్దరూ ఉరుగ్వే ఆటగాళ్లే. మాటలూ ఒకే వేరు నుంచి పుట్టినవే.

దక్షిణ అమెరికా స్పానిష్‌లో "నెగ్రో", "నెగ్రితో" అంటే నల్లోడా, నల్లబ్బాయ్ అన్నట్టు. మన ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు కర్రోడికి అది దగ్గరి చుట్టం. అక్కడ స్నేహితులను, పెళ్లాన్ని, మొగుణ్ణి కూడా అలా పిలుస్తారు, రంగుతో పని లేకుండా.

2011 అక్టోబరు 15న లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్‌లో లివర్‌పూల్‌కు ఆడిన లూయిస్ సువారెజ్ తనను పదేపదే "నెగ్రో" అన్నాడని మాంచెస్టర్ జట్టు నల్లజాతి ఆటగాడు ప్యాట్రిస్ ఎవ్రా ఫిర్యాదు చేశాడు. సువారెజ్ తాను ఒక్కసారే అన్నానని, అదీ మా ఊళ్లో మామూలుగా పిలిచే పిలుపేనని చెప్పాడు. విచారణ సంఘం తొందరపడి తీర్పు ఇవ్వలేదు. లాటిన్ అమెరికా భాష, సమాజం తెలిసిన ఇద్దరు నిపుణులను పిలిపించింది. వాళ్లు చెప్పింది ఆసక్తికరం. సువారెజ్ చెప్పినట్టు జరిగి ఉంటే ఉరుగ్వేలో ఎవరూ తప్పు పట్టరు. ఎవ్రా చెప్పినట్టు, గొడవ మధ్యలో, కోపంగా అని ఉంటే ఉరుగ్వేలో కూడా అది జాతి దూషణే. అంటే "మా సంస్కృతిలో ఇది మామూలు" అన్న వాదనను ఆ సంస్కృతి గడప మీదే పరీక్షించారు. ఏడుసార్లు అన్నాడని సంఘం తేల్చి, ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, 40 వేల పౌండ్ల జరిమానా వేసింది. 115 పేజీల తీర్పు అది.

ఇక మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆడిన ఎడిన్సన్ కవానీ. 2020 నవంబరులో సౌతాంప్టన్ మీద రెండు గోల్స్ కొట్టాక, స్నేహితుడు అభినందిస్తే ఇన్‌స్టాగ్రామ్‌లో "గ్రాసియాస్ నెగ్రితో" అని జవాబిచ్చాడు. థాంక్స్ రా నల్లోడా, అంతే. గొడవ లేదు, ఎదుటివాడు నొచ్చుకోలేదు, ఫిర్యాదు కూడా చేయలేదు. విమర్శలు రాగానే పోస్టు తీసేసి క్షమాపణ చెప్పాడు. అయినా మూడు మ్యాచ్‌ల నిషేధం, లక్ష పౌండ్ల జరిమానా. దురుద్దేశం లేదని సంఘం ఒప్పుకుంటూనే వేసిన శిక్ష ఇది. ఉరుగ్వేలో దుమారం రేగింది. ఆ దేశపు భాషా సాహిత్య అకాడెమీ ఇంగ్లండ్ సంఘానికి స్పానిష్ భాషా తెలియదు, సంస్కృతీ తెలియదని గట్టిగా ప్రకటన ఇచ్చింది.

నా లెక్కలో మొదటి తీర్పు న్యాయంగా ఉంది, రెండోది అతి. కానీ రెండోదాన్ని సమర్థించేవాళ్ల మాట కూడా కొట్టిపారేసేది కాదు. లక్షలమంది చూసే ఖాతాలో రాసినప్పుడు అది ఇద్దరి మధ్య మాట కాదు. ఇంగ్లండ్‌లో దాన్ని చదివే నల్లజాతి కుర్రాడికి ఉరుగ్వే యాస తెలియదు, తన స్కూల్లో విన్న తిట్టే గుర్తొస్తుంది. ఇంకో సంగతి: లాటిన్ అమెరికాలోనే ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో కొందరు ఈ ముద్దు పేరును ఎప్పుడూ ముద్దుగా తీసుకోలేదు. పిలిచేవాళ్ల గొంతు పెద్దది కాబట్టి "మా సంస్కృతి" అంటే వాళ్ల మాటే బయటకు వినిపించింది.

కోడి వేపుడు ప్రకటన, కళ్ల సైగ

మాటే అక్కర్లేదు, బొమ్మ చాలు. వెస్టిండీస్ జట్టు ఆస్ట్రేలియాలో పర్యటించిన 2009-10 సీజన్‌లో కేఎఫ్‌సీ అక్కడ ఒక ప్రకటన వేసింది. వెస్టిండీస్ అభిమానుల మధ్య ఇరుక్కున్న తెల్లవాడు వాళ్లకు వేయించిన చికెన్ పంచి శాంతపరుస్తాడు. ఆస్ట్రేలియాలో అది క్రికెట్ జోకు. అమెరికాలో మాత్రం భగ్గుమంది. నల్లవాళ్లను చికెన్ వేపుడుతో ముడిపెట్టి వెక్కిరించడం అక్కడ పాత, చేదు అలవాటు. కంపెనీ ప్రకటన తీసేసింది.

చికెన్ ముక్కలో అవమానం ఏముందని మనకు అనిపిస్తుంది. కర్నూలు, కడప, అనంతపురం పిల్లలు హైదరాబాదు హాస్టల్లో చేరిన మొదటి వారం గుర్తు చేసుకుంటే సరి. "మీది సీమనా? ఇంట్లో బాంబులున్నాయా?" అని అడిగేవాడు నిజంగా నవ్వించడానికే అడుగుతాడు. మొదటిసారి మనమూ నవ్వుతాం. నాలుగో సంవత్సరం కూడా అదే అడిగితే విసుగొస్తుంది. ఇంటర్వ్యూలో అడిగితే భయమేస్తుంది.

2008 బీజింగ్ ఒలింపిక్స్ ముందు స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు ఒక పత్రికా ప్రకటన కోసం, చైనా వైపు వాళ్లను వెక్కిరించే సైగలా వేళ్లతో కళ్లు పక్కకు లాగి ఫొటో దిగింది. ఆతిథ్య దేశం మీద అభిమానంతో చేశామని ఆటగాళ్లు నిజాయితీగానే చెప్పారు. స్పెయిన్ మనకు మరీ కొత్త దేశమేమీ కాదు. 1969లో స్పెయిన్ నుంచి వచ్చి అనంతపురంలో స్థిరపడిన విన్సెంట్ ఫెర్రర్ పుణ్యమా అని, రఫేల్ నాదల్ పేరుతో టెన్నిస్ బడి కూడా ఇక్కడే వెలిసింది. మంచి మనసు, మొద్దు చెవి ఒకే సమాజంలో ఉండొచ్చు. ఇన్నేళ్లలో స్పెయిన్ కూడా మారింది. 2023 మేలో వాలెన్సియా మైదానంలో బ్రెజిల్ నల్లజాతి ఆటగాడు వినీసియస్ జూనియర్‌ను జాతి పేరుతో తిట్టిన ముగ్గురికి 2024 జూన్‌లో అక్కడి కోర్టు ఎనిమిది నెలల జైలు శిక్ష వేసింది. ఫుట్‌బాల్ స్టేడియంలో జాతి దూషణకు ఆ దేశంలో పడిన మొదటి శిక్ష అదే.

రంగు చెప్పి గుర్తుపట్టడం తప్పా?

ఇది అన్నిటికంటే చిక్కు. 2020 డిసెంబరులో పారిస్‌లో పీఎస్‌జీ, ఇస్తాంబుల్ బషక్‌షెహిర్ జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. ఇస్తాంబుల్ జట్టు సహాయ కోచ్ పియెర్ వెబోకు కార్డు చూపించమని రొమేనియా అధికారి రెఫరీకి చెప్తూ, ఎవరని అడిగితే తమ భాషలో "ఆ నల్లాయన" అని గుర్తు చెప్పాడు. రొమేనియన్‌లో ఆ మాట ఒట్టి రంగు పేరు, తిట్టు కాదు. అయినా రెండు జట్లూ మైదానం వదిలి వెళ్లిపోయాయి. మ్యాచ్ మరుసటి రోజు పూర్తయింది. రిజర్వ్ బెంచీ నుంచి లేచిన డెంబా బా ఆ అధికారిని ఒక్కటే అడిగాడు: తెల్లవాణ్ణి చూపించాల్సి వస్తే "ఆ తెల్లాయన" అనవు కదా, "ఆయన" అంటావు, మరి నల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అంటావు? విచారణలో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ దాన్ని జాతి దూషణగా చూడలేదు, అనుచిత ప్రవర్తన అని సీజన్ చివరిదాకా సస్పెండ్ చేసింది.

రెండు పక్షాలకూ పట్టు ఉంది. భాషలో ఉన్న మామూలు మాటను వేరే దేశపు చెవితో విని శిక్షించడం ఒక రకమైన పెత్తనమే. ఆఫ్రికా నుంచి యూరప్ దాకా అందరూ ఇంగ్లీషు, అమెరికా చరిత్ర బట్టీపట్టాలా అని అడగడంలో న్యాయం ఉంది. మరోవైపు డెంబా బా ప్రశ్నకు ఏ నిఘంటువులోనూ జవాబు లేదు. అందరిలో ఒక్కరి రంగే పేరుగా మారుతోందంటే, మిగతావాళ్ల రంగు "మామూలు" అని ముందే ఒప్పుకున్నట్టు.

మన చెవికి ఏది వినిపిస్తుంది, ఏది వినిపించదు

మనకు ఇదంతా పరాయి గొడవ అనిపించడానికి కారణం, మన చెవి ఇంకో దానికి అలవాటు పడి ఉండటం. కులానికి.

2020లో ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో రోహిత్ శర్మతో సరదాగా మాట్లాడుతూ యువరాజ్ సింగ్, యజువేంద్ర చాహల్ గురించి ఒక కులం పేరు వాడాడు. నవ్వులాటలో అన్న మాటే. హర్యానాలో కేసు నమోదై, 2021లో లాంఛనంగా అరెస్టయి బెయిల్ మీద బయటికొచ్చాడు. ఆ వీడియో ఒక ఉరుగ్వే మనిషికి చూపిస్తే అందులో తప్పేమిటో గంట చెప్పినా అర్థం కాదు. మనకు చెప్పనక్కర్లేదు. 2021 ఒలింపిక్స్ సెమీస్‌లో మహిళల హాకీ జట్టు ఓడిపోతే, హరిద్వార్ దగ్గర ఆ జట్టు సభ్యురాలు వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారు. జట్టులో ఇంతమంది దళితులు ఉండటం వల్లే ఓడిందన్నారని ఆమె కుటుంబం ఫిర్యాదు చేసింది.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చేదాకా మన పల్లెల్లో కులం పేర్లున్న సామెతలు పెద్దమనుషులే పంచాయితీల్లో వాడేవారు. "సామెతే కదా, ఎవర్నీ ఉద్దేశించి కాదు" అనేవారు. ఇవాళ అదే పెద్దమనిషి సగం సామెత చెప్పి నాలుక కరుచుకుంటాడు. అది చరిత్ర తెలిసిన నాలుక. కాబట్టి "మాట ముఖ్యం కాదు, మనసు ముఖ్యం" అని కాలూ విషయంలో వాదించే మనం, కులం విషయంలో ఆ వాదన ఎంత బలహీనమో ఇంట్లోనే చూశాం.

రంగు విషయంలో మాత్రం ఆ చెవి ఇంకా తెరుచుకోలేదు. నల్లప్ప, ఎర్రన్న అని కొడుకులకు పేర్లు పెట్టుకున్న ప్రాంతం మనది, నల్లని దేవుణ్ణే కొలుస్తాం, రంగు మాకు పట్టింపు కాదని కొందరంటారు. గ్రౌండులో అది కొంత నిజం. అదే కర్రోడి చెల్లెలికి సంబంధం చూసేటప్పుడు "పిల్ల బాగుంది గానీ రంగు తక్కువ" అన్న మాట వస్తుంది, ఆ తక్కువను కట్నంలో సర్దమంటారు. అక్కడితో ముద్దు పేరు అయిపోయింది. తమిళనాడు ఆటగాడు అభినవ్ ముకుంద్ 2017లో, చిన్నప్పటి నుంచీ తన రంగు మీద జనం వేసే మాటలు భరిస్తున్నానని బహిరంగంగా రాశాడు. ఎండలో ఆడి నల్లబడినందుకు తనకు బాధ లేదన్నాడు. ఆయనను అన్నవాళ్లెవరూ విదేశీయులు కారు.

సర్ఫరాజ్ కేసుకు వద్దాం. అతను ఫెలుక్వాయో దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పాడు, ఇద్దరూ చేతులు కలిపారు. దక్షిణాఫ్రికా జట్టు క్షమించామంది. పడ్డవాడు వదిలేసినా నిబంధన వదల్లేదు. చట్టంతోనే నల్లవాళ్లను వేరుగా ఉంచిన అపార్థైడ్ పాలన ముగిసి అప్పటికి పాతికేళ్లయినా కాని దేశంలో, నల్లజాతి ఆటగాడి రంగు ఎత్తడం ఆ ఇద్దరి మధ్య తేలిపోయే విషయం కాదని ఐసీసీ లెక్క.

అయితే ఆ నిబంధనకే ఒక పెద్ద కన్నం ఉంది. ఐసీసీ వివక్ష నిరోధక నియమావళిలో జాతి, మతం, రంగు, వంశం, జాతీయత అన్నీ పేరుపేరునా ఉన్నాయి. కులం అన్న మాట లేదు. రేపు ఒక మ్యాచ్‌లో ఇద్దరు భారతీయుల మధ్య కులం పేరుతో తిట్టు నడిచి స్టంప్ మైక్‌లో పడిందనుకోండి. న్యూజిలాండ్ నుంచో వెస్టిండీస్ నుంచో వచ్చిన రెఫరీకి అదొక మామూలు ఇండియన్ మాటలా వినిపిస్తుంది. వంశం అన్న పదం కింద కేసు పెట్టొచ్చు. కానీ ముందు ఎవరో ఒకరు ఆయన దగ్గరికి వెళ్లి, అది తిట్టు ఎలా అయిందో మొదటి నుంచీ చెప్పాలి. ఆ చెప్పేవాడు డ్రెస్సింగ్ రూమ్‌లో రేపు మళ్లీ అదే మనిషి పక్కన కూర్చోవాలి.